నికాసియా సంతకం

నికాసియా తొలాబాకు మొగుడంటే ఇష్టం. చిక్కంతా అక్కడే వచ్చింది. మొగుడు తాగి తన్నేవాడైతే తలుపు గడియ పెట్టుకోవచ్చు, అన్నదమ్ముల్ని పిలిపించవచ్చు, ఊరంతా వినేలా ఏడ్చి ఏదో ఒకటి తేల్చుకోవచ్చు. సాతుర్నినో అలాంటివాడు కాడు. కొండ పైన, ఎముకలు కొరికే చలిలో, గనిలో పని అతనిది. ఏడాదికి నాలుగైదుసార్లు దిగివస్తాడు. వచ్చిన మర్నాడే మేకల దొడ్డి గోడ తానే ఎత్తి కడతాడు, పిల్లల జుట్టు కత్తిరిస్తాడు, భార్య వండింది ఏదైనా రెండోసారి వడ్డించుకుని తింటాడు. ఇంత మంచివాణ్ణి దగ్గరికి రావద్దని ఏ నోటితో అనేది?

మిగతా రోజుల మాట ఎలా ఉన్నా, కార్నివాల్‌కు మాత్రం చుర్కిపంపా మగవాళ్ళందరూ భూమి బద్దలైనా ఇంటికి చేరతారు. ఇక తొమ్మిది రోజులూ తిండి, మొక్కజొన్న కల్లు, డప్పులు, పాటలు. మొహాల నిండా పిండి పూసుకుని పాత మొగుడూ పెళ్ళాలు కూడా కొత్త దంపతులైపోతారు. అందుకే ఆ ఊళ్ళో నవంబరులో వచ్చినన్ని పుట్టినరోజులు ఇంకే నెలలోనూ రావు. నికాసియా ఐదుగురు పిల్లల్లో ముగ్గురు నవంబరువాళ్ళే.

ఐదోది లూస్. ఆ పిల్ల పుట్టినప్పుడు నికాసియా చచ్చి బతికింది. కడుపు కోసి బిడ్డను తీశాక రక్తం ఆగలేదు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళందరూ పరుగులు పెట్టారు. వారం తర్వాత లేచి కూచున్నప్పుడు డాక్టరు రివరోలా మంచం పక్కన నిలబడి, మళ్ళీ కడుపు వస్తే తల్లికి గాని బిడ్డకు గాని తాను పూచీ ఇవ్వలేనని చెప్పాడు. ఆమెకు రక్తపోటు. కడుపు రాకుండా వాడే మాత్రలు అంతకుముందే పడలేదు, ఇంజెక్షన్ వేస్తే కాళ్ళు ఉబ్బాయి. మిగిలింది ఒక్కటే దారి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. చేయించుకుంటానని నికాసియా అప్పటికప్పుడే అంది. మంచిదే, అయితే మీ ఆయన సంతకం కావాలన్నాడు డాక్టరు.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. ఆ రెండేళ్ళలో నికాసియా మొగుణ్ణి మూడుసార్లు అడిగింది. మొదటిసారి తర్వాత చూద్దామన్నాడు. రెండోసారి మేకల్ని తోలుకురావడానికని లేచి వెళ్ళిపోయాడు. మూడోసారి అడిగిన మర్నాడు పొద్దున్నే గనికి వెళ్ళే లారీ ఎక్కేశాడు. ఆ తర్వాత, చనిపోయినవాళ్ళకు చేసే పండక్కి కూడా రాలేదు. పని ఎక్కువగా ఉందని డ్రైవరు చేత కబురు పంపాడు. తన తండ్రి సమాధి మీద రొట్టె పెట్టడానికే రానివాడికి పెళ్ళాం బతుకు ఏం పడుతుందిలే అనుకుంది నికాసియా. అతని శాలువా తీసి పెట్టె అడుగున పడేసింది. మళ్ళీ నాలుగు రోజులకు పురుగు పడుతుందేమోనని తీసి ఎండలో ఆరేసింది. ఆమె కోపం ఎప్పుడూ అంతే.

ఆమె సంగతి తెలియనివాళ్ళు ఆ దారిలో ఎవరూ లేరు. బస్సు ఆగే చోట రోజూ బొగ్గుల మీద రొట్టెలు కాలుస్తుంది, మధ్యలో తన మేకపాల చీజ్ పెట్టి అమ్ముతుంది. రొట్టె అందిస్తూ ఒక మాట కూడా అంటించి పంపుతుంది. పెద్ద బస్సుల డ్రైవర్లు ఆ మాటల కోసమే ఆగుతారని ఒక పుకారు. ఇక డప్పు చేతికిస్తే అడ్డే లేదు. నాలుగు చరణాల పాట అప్పటికప్పుడు కట్టి, ఊరి అధ్యక్షుడి పొట్ట మీదా, ఫాదరు గారి పిసినారితనం మీదా పాడేస్తుంది. పాడించుకున్నవాడు నవ్వాల్సిందే, కోపం తెచ్చుకుంటే ఇంకో నాలుగు చరణాలు పడతాయి. అన్నిటి మీదా నోరు లేచే మనిషి ఈ ఒక్క విషయంలో మాత్రం రెండేళ్ళు నోరు కుట్టేసుకుని కూర్చుంది.

ఆమె ఒక్కతే కాదు, ఊరంతా అంతే. చుర్కిపంపా ఆడవాళ్ళకు పిత్తాశయం జబ్బు ఎక్కువ అని పేరు. ముప్పై దాటి, నలుగురైదుగురు పిల్లలున్న ఆడది ఉన్నట్టుండి పిత్తాశయంలో రాళ్ళంటూ రాజధానికి వెళ్ళి వస్తుంది. ఎవరికీ తెలియని ఆసుపత్రిలో, ఎవరి సంతకమో పెట్టించుకుని, పొట్ట మీద చిన్న కుట్టుతో దిగుతుంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చారు కాచి తెచ్చిస్తారు, రాళ్ళు ఎంతెంత ఉన్నాయని అడుగుతారు. శనగగింజంత అని ఆవిడ చెబుతుంది, పాపం అని వీళ్ళంటారు. ఆ అడిగేవాళ్ళలో సగం మందికి అదే పిత్తాశయం, అవే శనగగింజలు. నికాసియాకు రాజధానిలో చుట్టాలు లేరు, మేకల్ని వదిలి వెళ్ళడానికి వీల్లేదు, అబద్ధం సంతకం పెట్టేవాళ్ళూ లేరు.

డెల్ఫినా వీల్తె ఊరి ఆసుపత్రిలో నర్సు. లూస్‌కు జ్ఞానస్నానం చేయించింది ఆమే కాబట్టి నికాసియాకు కొమాద్రె. ఆ ఊళ్ళో కన్నతల్లికీ జ్ఞానతల్లికీ మధ్య ఉన్న ఈ చుట్టరికం అక్కచెల్లెళ్ళ కంటే గట్టిది, అక్కతో అయినా దెబ్బలాడవచ్చు గాని కొమాద్రెతో దెబ్బలాడకూడదు. ఫిబ్రవరిలో ఒకరోజు డెల్ఫినా బస్సుల దగ్గరికి వచ్చి, రొట్టె తింటూ, మొగుడి సంతకం చట్టంలో ఎక్కడా లేదని చెప్పింది. చట్టం మారి పదేళ్ళు దాటిందట. ఆడదాని సంతకం ఒక్కటే చాలట. ఈ సంగతి డాక్టరుకు తెలుసట, తాను అడిగితే కళ్ళజోడు తుడుచుకుంటూ మన ఊరి పద్ధతి తెలుసుగా అంటాడట.

నికాసియా చేతిలో రొట్టె మాడిపోయింది. మాడిన రొట్టె పక్కన పడేసి, రెండేళ్ళుగా తనని ఎందుకు ఏడిపించాడని అడిగింది. అప్పుడు డెల్ఫినా అసలు మాట అంది.

"ఆయన గదిలో ఎంత అడిగినా లాభం లేదే కొమాద్రె. అక్కడ ఆయన డాక్టరు. వచ్చే గురువారం చావిడి దగ్గరికి లాక్కొస్తాను. పిండి పూస్తే ఆయనా అందర్లాంటి మొగాడే. నువ్వు పాడు."

కార్నివాల్ శనివారానికి ముందు వచ్చే గురువారం కొమాద్రెలది. ఆ రోజు ఊరు ఆడవాళ్ళ చేతికి వస్తుంది. వంట మగవాళ్ళు చేసుకుంటారు, లేదా పస్తుంటారు. ఆడవాళ్ళు టోపీలకు పూలు, మెడలో కాగితపు దండలు వేసుకుని డప్పులతో వలయం కడతారు. దారిన పోయే మగవాడు చిక్కితే మొహాన పిండి కొట్టి వలయంలోకి లాగుతారు. చుర్కిపంపాలో దానికి ఒక నియమం ఉంది. వలయంలో ఎవరి మీద పాట పడుతుందో వాళ్ళు పాటతోనే జవాబు చెప్పాలి. పాట రాకపోతే నిజం చెప్పాలి. రెండూ చేతకాని వాణ్ణి ఆ ఏడాదంతా ఎవరూ ఏ పండక్కీ పిలవరు.

పైగా మర్నాడు శుక్రవారం. కోతలు కోసే డాక్టరు రాజధాని నుంచి వచ్చేది శుక్రవారాలే. నికాసియా రక్తపరీక్షలు, గుండె పరీక్ష అన్నీ డెల్ఫినా ముందే చేయించి ఉంచింది. ఆగింది సంతకం దగ్గరే. ఈ శుక్రవారం తప్పితే, శనివారం నుంచి తొమ్మిది రోజులు ఇంట్లో మొగుడు, కల్లు, పాటలు. ఆ తర్వాత నవంబరు దాకా తాను బతికి ఉంటుందో లేదో. ఆ వారమంతా నికాసియాకు అన్నం సహించలేదు. కార్నివాల్ వస్తోందంటే కాలు నిలవని మనిషి, డప్పుకు కొత్త తోలు కట్టించడం కూడా మర్చిపోయింది.

గురువారం మధ్యాహ్నం డెల్ఫినా అన్నంత పనీ చేసింది. ఎవరికో తల తిరిగిందని చెప్పి డాక్టరును చావిడి దాకా నడిపించుకొచ్చింది. వలయం అతని చుట్టూ మూసుకుంది. సంచి ఒకరు లాక్కున్నారు, కళ్ళజోడు ఇంకొకరు భద్రంగా జేబులో పెట్టుకున్నారు, చెవుల్లో దాకా పిండి కొట్టారు. ఆరేళ్ళుగా ఊళ్ళో ఉంటున్నా ఏటా ఆ రోజున ఆసుపత్రి తలుపు దాటని మనిషి, పాపం బాగానే నవ్వాడు. ముందు ఒకావిడ అతని బట్టతల మీద పాడింది. పాట రాదని, నిజంగానే బట్టతల వచ్చిందని ఒప్పుకున్నాడు. అందరూ నవ్వారు. డెల్ఫినా డప్పు తెచ్చి నికాసియా చేతిలో పెట్టింది.

నికాసియా డప్పు పట్టుకుని వలయం వైపు చూసింది. ఊరి అధ్యక్షుడి పొట్ట గురించి పాడటం వేరు, తన పొట్ట గురించి పాడటం వేరు. అత్తగారు ఎదురుగా ఉంది, చర్చిలో పువ్వులు పెట్టే ఆవిడ ఉంది, పెద్ద కూతురి టీచరు ఉంది. వద్దులే, ఇంకో మాట ఏదైనా పాడేసి తప్పించుకుందామని కూడా అనుకుంది. ఇంతలో లూస్ ఎవరి చంకలోనో ఉండి పిండి నాకుతూ కనిపించింది. ఈ పిల్లకు తల్లి లేకపోతే ఎలా అనుకుంది. డప్పు మీద దెబ్బ పడింది.

*నా కడుపు నా ఒంటిలో ఉంది,*
*నడిచి నేనొస్తే చాలదట.*
*కొండ పైన ఎక్కడో ఉన్న*
*గండరగండడి చెయ్యి కావాలట.*

ఆ వలయంలో పాట పాడితే అందరూ తిరిగి పాడాలి. ఎవరూ పాడలేదు. డప్పులు ఆగిపోయాయి. డాక్టరు కళ్ళజోడు కోసం మొహం తడుముకున్నాడు, అది అక్కడ లేదు. వలయానికి పెద్ద దోన్యా క్లెమెన్సియా, ఎనభై దాటినావిడ, అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"పాట వచ్చా నాయనా?"

రాదన్నట్టు తల ఊపాడు.

"అయితే నిజం చెప్పు. మొగుడి సంతకం చట్టంలో ఉందా?"

"లేదు," అన్నాడు డాక్టరు. అక్కడితో ఆగలేదు. "వెనక నేను పనిచేసిన ఊళ్ళో ఒకామెకి ఆమె మాట మీదే ఆపరేషన్ చేయించాను. నాలుగు రోజులకి మొగుడు, అతని అన్నదమ్ములు వచ్చారు. నా నర్సుని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చారు. నేను మందుల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. వాళ్ళు వెళ్ళిపోయేదాకా బయటికి రాలేదు. అప్పట్నుంచీ సంతకం అడుగుతున్నాను. పద్ధతి కాదు, ఏమీ కాదు. భయం."

పిండి పూసిన మొహం కాబట్టి ఏడుస్తున్నాడో లేదో తెలియలేదు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తిట్టలేదు. నిజం చెప్పమన్నారు, చెప్పాడు. అప్పుడు చర్చిలో పువ్వులు పెట్టే ఆవిడ, ఊరంతా భక్తురాలని చెప్పుకునే దోన్యా బెర్నార్దా, గొంతు సవరించుకుంది. అయిపోయింది, ఇప్పుడు దేవుణ్ణి తెస్తుంది, అనుకుంది నికాసియా.

"నాది పిత్తాశయం కాదు," అంది బెర్నార్దా.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఎర్రబడిపోయి, అయినా తల దించకుండా నిలబడింది. పక్కనున్న టీచరు మెల్లిగా, నాదీ కాదంది. ఇటువైపు నుంచి ఒకరు, అటువైపు నుంచి ఇద్దరు. చివరికి నికాసియా అత్తగారు కూడా, నా రోజుల్లో ఈ ఆపరేషన్ ఉంటే నేనూ పిత్తాశయం తీయించుకునేదాన్ని అంది. అక్కడ పగిలింది నవ్వు. ఇన్నేళ్ళు చారు కాచి పోసిన ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నా శనగగింజలు నాకిచ్చెయ్యమని ఎవరో అంటే ఇంకా నవ్వారు. నికాసియా నవ్వలేదు, ఆమెకు ఇంకా జవాబు రాలేదు. ఆ సంగతి దోన్యా క్లెమెన్సియాకు గుర్తుంది. డప్పు అందుకుని, డాక్టరు వైపు తిరిగి తానే పాడింది.

*గడియ పెట్టుకు దాక్కున్నావా,*
*గతమేదో అది గతమేలే.*
*మొగుళ్ళు ఎవరైనా వస్తే*
*మా వాకిటికే పంపించు.*

ఈసారి వలయమంతా తిరిగి పాడింది. మొదట తడబడుతూ, రెండోసారి కొండ దద్దరిల్లేలా. డప్పులన్నీ ఒక్కసారే లేచాయి. డాక్టరు కళ్ళజోడు అడిగి తీసుకుని, తుడుచుకోకుండానే పెట్టుకుని, నికాసియా దగ్గరికి వచ్చాడు. రేపు పొద్దున్న ఏమీ తినకుండా రండి, అన్నాడు. అంతే అన్నాడు.

నికాసియా అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. అమ్మయ్య అని పైకే అంది. ఎవరో కల్లు ముంత నోటికి అందించారు, ఇంకెవరో రొట్టె పెట్టారు. వారం రోజులుగా లేని ఆకలి ఒక్కసారి వచ్చి పడింది. రేపు ఆపరేషన్ అయ్యేదాకా మళ్ళీ తినేందుకు లేదు కదా అని కడుపు నిండా తింది.

శుక్రవారం పొద్దున్న సంతకం పెట్టేటప్పుడు కలం గట్టిగా నొక్కింది. పేరు కింది పేజీ మీద కూడా పడింది. నడుము కింద మత్తు ఇచ్చారు, మాట్లాడుతూనే ఉంది. రాజధాని నుంచి వచ్చిన డాక్టరు, ఈవిడ నోటికి కూడా మత్తు ఇవ్వాల్సిందని డెల్ఫినాతో అన్నాడట. పదకొండు కాకుండానే అయిపోయింది. తనను వార్డులోకి తెచ్చాక నికాసియాకు బయట డప్పుల చప్పుడు వినిపించింది. ఏమిటని అడిగితే డెల్ఫినా కిటికీ తెరిచింది. నిన్నటి ఆడవాళ్ళు ఆసుపత్రి మెట్ల నిండా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. మొగుళ్ళు వస్తే తమ దగ్గరికి పంపమన్నారు కదా, వాళ్ళకు శ్రమ ఎందుకని తామే వచ్చి కూర్చున్నారు. లోపలికి రావాల్సిన రోగులకు దారి లేక డాక్టరు తల పట్టుకున్నాడట.

వచ్చింది ఒక్కడే మొగుడు. గని లారీ ఆ రోజు ముందే దిగింది. బస్సుల దగ్గర సాతుర్నినో చెవిన ఊరంతా కలిసి ఆ పాట వేసింది. అతనికి ఎవరూ చెప్పకపోతే బాగుండేది, నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. సంచి భుజాన వేసుకుని నేరుగా వచ్చాడు. మెట్ల మీద ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎందుకొచ్చావంది దోన్యా క్లెమెన్సియా. చూడటానికన్నాడు. గొడవ చేస్తావా అంది. తల అడ్డంగా ఊపాడు. అయినా నమ్మకుండా గుప్పెడు పిండి తలకు కొట్టి, వార్డు తలుపు దాకా డప్పు పట్టిన ఒకావిణ్ణి తోడిచ్చి లోపలికి వదిలారు.

నికాసియా అతన్ని చూసి దుప్పటి మెడ దాకా లాక్కుంది. ఈ మాట అతనికి ఎలా చెప్పాలా అని వారం రోజులుగా ఆలోచించింది, ఇప్పుడు దాచేందుకు ఏమీ లేదు.

"సంతకం నేనే పెట్టాను," అంది. "తిట్టేదుంటే తిట్టు, గట్టిగా కాదు, పక్క మంచం ఆవిడ నిద్రపోతోంది."

సాతుర్నినో టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నొప్పిగా ఉందా అని అడిగాడు. ఉందంది. రక్తం పోయిందా అని అడిగాడు. లేదంది. నిజంగా పోలేదా అని మళ్ళీ అడిగాడు. పోలేదంది.

"లూస్ పుట్టినప్పుడు ఒక కాయితం తెచ్చారు," అన్నాడు. "నీకేమన్నా అయితే నాదే బాధ్యత అని. త్వరగా పెట్టమన్నారు, పెట్టాను. అటు పెట్టానో లేదో, లోపల్నుంచి అందరూ పరుగులు. ఎర్ర గుడ్డలు మోసుకుపోతున్నారు. నా చేత్తో నేనే నిన్ను చంపానని కూర్చున్నాను. మళ్ళీ నువ్వు సంతకం అనేసరికి నా చెయ్యి లేవలేదు, నికా."

"ఆ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చుగా. నేను చస్తే చావనీ అనుకున్నావనుకున్నాను."

"ఎలా చెప్పను? పండక్కి అందుకే రాలేదు. వస్తే నీ పక్కన పడుకోవాలి. అదీ భయమే, ఇదీ భయమే. కొండ మీద ఉండటమే నయమనిపించింది."

నికాసియాకు ఇప్పుడు అర్థమైంది. ఒకే మంచం మీద రెండేళ్ళు, ఒకే భయం, చెరో పక్కకు తిరిగి. ఎవడో ఎక్కడో ఎవడికో భయపడి అడిగిన సంతకం తన మొగుణ్ణి కొండ ఎక్కించి కూర్చోబెట్టింది. కోపం వచ్చింది, జాలి వచ్చింది, రెండూ కలిసి నవ్వు వచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి.

"అయితే నన్ను అడగాల్సిన పనే లేదా?" అన్నాడు సాతుర్నినో. "మొదట్నుంచీ?"

"లేదు. నాది ఒక్కటే చాలు."

అతను మంచం అంచుకు నుదురు ఆనించుకున్నాడు. భుజాలు కదిలాయి. నేల మీద పిండి రాలింది. అమ్మయ్య, అమ్మయ్య అని రెండుసార్లు అన్నాడు, ఇంకేమీ అనలేకపోయాడు. నికాసియా అతని జుట్టులోంచి పిండి దులిపింది.

"కోపం మాత్రం పోలేదు," అంది. "రేపు తిడతాను. ఇప్పుడు ఓపిక లేదు. ఇలా రా."

కుట్లు పట్టుకుని, పళ్ళు బిగించి, కొంచెం కొంచెంగా పక్కకు జరిగింది. గనివాడు బూట్లు విప్పి, ఆ ఇరుకు ఇనప మంచం చివర ఒత్తిగిలి, ఆమె భుజానికి మొహం ఆనించి పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక మొదలైంది. మందులు ఇవ్వడానికి వచ్చిన డెల్ఫినా చూసి, ఆసుపత్రిలో ఇది కుదరదని మెల్లిగా గొణిగి, తెర లాగేసి వెళ్ళిపోయింది.